నాలుగు షరతుల తోట ఇల్లు

పెళ్ళయిన మూడేళ్ళకు గానీ మేమిద్దరం ఒక కప్పు కిందకు రాలేకపోయాం. నేను 2002లో నర్సుగా అబుదాబికి నైరుతి దిక్కున, లివా వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రికి వచ్చాను. మరుసటి ఏడు మా ఆయన ముసఫ్ఫా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేరారు. ఆయన ఉండేది క్యాంపులో, గదికి ఎనిమిది మంది. నేనుండేది నర్సుల హాస్టల్లో, గేటు దాటి మగవాళ్ళు రాకూడదు. నెలకు రెండు శుక్రవారాలు నేను బస్సెక్కి అబుదాబి వెళ్ళేదాన్ని. చర్చిలో ఆరాధన అయ్యాక ప్రహరీ నీడలో కూర్చుని, నేను వండుకెళ్ళిన కూర, ఆయన కొనుక్కొచ్చిన రొట్టె తినేవాళ్ళం. ఇంకో కుటుంబం వచ్చి పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చేవాళ్ళం. అప్పటికి మా కాపురమంటే ఆ గోడ నీడే.

2004లో ఆయనకు మా ఊళ్ళోనే పని దొరికింది. ఖర్జూరపు తోటల్లో నీళ్ళ మోటార్లు బాగుచేసే కంపెనీ. ఆసుపత్రివాళ్ళు నేను బయట ఉండొచ్చని అనుమతి కాగితం ఇచ్చారు. ఇక మిగిలింది ఇల్లు చూసుకోవడమే.

మొదట చూసింది ఊరి మొదట్లో కొత్తగా కట్టిన విల్లాల కాంపౌండ్. అన్నీ ఒకే ఎత్తు, ఒకే తెలుపు. వంటింట్లో గోడ పొడవునా అల్మారాలు, కుళాయి తిప్పితే వేడినీళ్ళు. నేను ఆ వంటగట్టు మీద అరచేయి పెట్టి నిలబడిపోయాను. మేనేజరు మర్యాదస్తుడు. మాకు టీ ఇప్పించి, కాంపౌండ్ నియమాల కాగితాలు చేతికిచ్చి, చదువుకుని వారంలో చెప్పమన్నాడు. తొమ్మిది పేజీలు, ఒకవైపు అరబిక్, ఒకవైపు ఇంగ్లీషు.

ఆ సాయంత్రం ఊళ్ళో ఒక కెఫెటేరియాలో కూర్చుని ఇద్దరం చదివాం. బట్టలు బయట ఆరేయకూడదు. గుమ్మం ముందు కుండీలు పెట్టకూడదు. కర్టెన్లు తెల్లవే ఉండాలి. వచ్చిన చుట్టాల పేర్లు గేటు దగ్గర పుస్తకంలో రాయించాలి. ఘాటైన వాసనలు బయటకు రానివ్వకూడదు.

"అంటే చేపల పులుసు మాట మర్చిపోవాలన్న మాట," అన్నాను.

"కిటికీ మూసుకుని వండుకోవే. దానికేం."

"మా అమ్మొస్తే మూడు రాత్రుళ్ళు దాటితే అర్జీ పెట్టాలంటండి."

"పెడదాం. అర్జీలు పెట్టడం మనకేవన్నా కొత్తా?"

"పదిమందికి మించి చేరకూడదంట. మరి ప్రార్థన పెట్టుకుంటే?"

ఆయన పేజీ తిప్పారు. కానీ ఆయనకు ఆ కాగితాలు నచ్చాయని నాకు తెలుస్తూనే ఉంది. క్యాంపులో ఏడాదిపాటు ఫోర్‌మన్ నోటికొచ్చిందే నియమంగా బతికిన మనిషి. "కాయితం మీదున్నవైతే ఉన్నవే. నోటి మాటైతే రోజుకోటి పుట్టుకొస్తాది," అన్నారు. ఆ మాటను నేను కాదనలేకపోయాను.

ఆ వారంలోనే చేతిలో ఖర్జూరపు ముల్లు విరిగి చీము పట్టిన ఒక మనిషి డ్రెస్సింగ్‌కు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. హిందీలో మాట్లాడుతున్నాడు. నేను కట్టు విప్పుతూ "అయ్యో, ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా," అని గొణుక్కున్నాను. ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

"మనోళ్ళేనా చెల్లె?"

నిజామాబాద్ వైపు పల్లె ఆయనది. ఊరికి పది కిలోమీటర్ల అవతల ఒక తోటలో పదకొండేళ్ళుగా ఒక్కడే కాపలా, ఒక్కడే పనివాడు. కట్టు కట్టించుకుంటున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఇల్లు వెతుకుతున్నామని తెలియగానే, "మా మామా తోటల మూడర్రల ఇల్లు ఖాళీగ వడి ఉన్నది. ఎవలన్న ఫ్యామిలీ అయితె ఇస్తనంటది. ఒక్కపాలి వచ్చి సూడుండ్రి," అన్నాడు. ఇక్కడ పనివాళ్ళు ఇంటి పెద్దావిడను మామా అంటారు. మన మామ కాదు, అమ్మ లాంటి పిలుపు.

శుక్రవారం వెళ్ళాం. ఇసుకరంగు ప్రహరీ, లోపల ఖర్జూరపు చెట్లు, ఒక మూల వరసగా మూడు గదులు. ముందు మట్టలు పరిచిన పందిరి. స్నానాలగది వాకిలి దాటి అవతల. కిటికీకి బిగించిన ఏసీ మోగితే కోళ్ళు బెదిరిపోతున్నాయి. వాకిట్లో సిద్ర్ చెట్టు ఒకటి, మన రేగు జాతే, కింద ఎండిన కాయలు రాలి ఉన్నాయి. నేను ఒకటి నోట్లో వేసుకున్నాను. ఆ కాంపౌండ్ వంటిల్లు అప్పటికింకా నా కళ్ళలోనే ఉంది గానీ, గింజ ఉమ్మేసేసరికి నా మనసు ఇటే మొగ్గింది.

పెద్దావిడ చాప మీద కూర్చుని ఉంది. ముఖానికి రాగిరంగులో మెరిసే బుర్ఖా, ఇక్కడి పెద్దవాళ్ళు ముఖం వరకే కట్టుకునే ముసుగు, చేతిలో చిన్న కాఫీ గిన్నె. ఆమెకు అరబిక్ తప్ప రాదు. మాకు అప్పుడు అరబిక్‌లో వచ్చినవి పదమనడానికి యల్లా, అయిపోయిందనడానికి ఖలాస్, కృతజ్ఞత చెప్పడానికి షుక్రన్, ఆ మూడే. మమ్మల్ని రమ్మన్న తోట అన్నే నడుమ నిలబడి మాట దాటించాడు. ఆమె చెబుతుంటే ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు.

"మామా నాలుగు షరతులు వెడుతున్నది. ఒకటి, పగటిపూట గేటుకు తాళం వెయ్యొద్దు, దప్పికని ఎవలొచ్చినా నీళ్ళు లేవనొద్దు. రెండు, చెట్టు మీది పండు తెంపొద్దు, రాలింది మీ ఇష్టం. మూడు, గోడ లోపటికి సారా, పంది మాంసం రావొద్దు." ఒక్క క్షణం ఆగాడు. "నాలుగోది, శుక్రారం పగటీలి తోట మనిషికి మీ ఇంట్లనే బువ్వ వెట్టాలె."

మా ఆయన కాంపౌండ్ కాగితాలను జేబులోంచి తీసి చూసుకున్నారు. అద్దె రెండుచోట్లా ఇంచుమించు ఒకటే కాబట్టి తేల్చుకోవాల్సింది షరతులనే. మొదటిసారి తప్పితే నోటీసు, రెండోసారి తప్పితే ఇల్లు ఖాళీ అని చివరి పేజీలో ఉంది.

"మాట తప్పితే ఏం చేస్తారో అడుగన్నా," అన్నారు.

అన్న అడిగాడు. పెద్దావిడ ఆశ్చర్యంగా చూసి రెండు ముక్కల్లో ఏదో అంది.

"వచ్చి చెప్తదట బావా. ఇంకేం జేస్త అంటున్నది."

నన్ను చెల్లె అన్నాక మా ఆయన బావ కావాల్సిందే కదా. మా ఆయనకు నవ్వొచ్చింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "సరే చెప్పు," అన్నారు.

సుఖంగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. మొదటి ఆగస్టులో ఏసీ ఆగిపోయి రెండు రోజులు తడి దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం. కాంపౌండ్‌లో ఉండే నా తోటి నర్సు ఫోన్ చేసి, వాళ్ళకు గంటలో మనిషి వచ్చి బాగుచేశాడని చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. చెప్పుల్లో తేళ్ళుండేవి. నీళ్ళ కోసమని ఎవరెవరో లోపలికి వస్తుంటే మా ఆయన విసుక్కునేవారు. ఒకసారి గాలిదుమారంలో దారి కనబడక ఒక పఠాన్ లారీ డ్రైవరు పందిట్లోకి వచ్చి మూడు గంటలు కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు ఆయనే చీపురు తీసుకుని మా గుమ్మంలో ఇసుకంతా ఊడ్చి వెళ్ళాడు. ఆ తర్వాత మా ఆయన విసుగు కొంచెం తగ్గింది.

ఆ క్రిస్మస్‌కు మా ఆసుపత్రి తెలుగు నర్సులు, వాళ్ళవాళ్ళు కలిసి పధ్నాలుగు మందిమి వాకిట్లో ప్రార్థన పెట్టుకోవాలనుకున్నాం. భయపడుతూనే అన్న చేత పెద్దావిడను అడిగించాను. మైకు వద్దు, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక పాడుకోండి అంది. మేం పాడుతుంటే అవతలి చాప మీద కూర్చుని చివరిదాకా విన్నది. కేకు ఇస్తే అందులో సారా ఏమైనా కలిపారా అని అడిగి తిన్నది.

శుక్రవారం భోజనం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. డ్యూటీ ఉంటే ముందు రోజే వండిపెట్టేదాన్ని. మా ఆయన పొద్దున్నే వెళ్ళి చేపలు తెచ్చేవారు. అన్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పందిట్లో కూర్చునేవాడు. మొదటి ముద్దను చాలాసేపు నమిలేవాడు.

ఏడాదిన్నర గడిచింది. వార్డులో ముసలివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నాకు అరబిక్ బాగానే పట్టుబడింది. ఒక శుక్రవారం అన్న తింటుండగా పెద్దావిడ వచ్చి కూర్చుంది. కాసేపు చూసి నన్ను అడిగింది, వారం వారం ఇతనికి ఎందుకు వండుతున్నావు, ఇతనికి బియ్యం, కోడి, సరుకులన్నీ నేను పంపుతాను కదా అని.

"మీ షరతే కదా మామా," అన్నాను.

"ఏ షరతు?"

నేను వేళ్ళు మడుస్తూ నాలుగూ చెప్పాను. ఆమె నాలుగో వేలు దగ్గర నా చేయి పట్టుకుంది. "నేను పెట్టింది మూడు," అంది.

అన్నకు అంతా అర్థమైంది. తింటున్న పళ్ళెం ముందు అలాగే తల దించుకుని కూర్చున్నాడు. తర్వాత తెలుగులో నాతోనే అన్నాడు, "నేనే కలిపిన చెల్లె. అప్పటికె పదకొండేండ్లాయె మనింటి బువ్వ దిని. పెట్టుమని అడగాలంటె సిగ్గయింది. మామా పేరు జెప్పిన."

నేనది పెద్దావిడకు అరబిక్‌లో చెప్పాను. ఆమె అతని పళ్ళెం వైపు చూసింది. ఆపైన నా వైపు తిరిగి, "పదకొండేళ్ళు ఇతను ఏం తింటున్నాడో నేను అడిగాను. ఎవరితో తింటున్నాడో అడగలేదు," అంది. అని లేచి వెళ్ళిపోయింది.

కోపం వచ్చింది మా ఆయనకు. "చూశావా, నోటి మాటంటే ఇదే. ఏడాదిన్నర మనల్ని బోల్తా కొట్టించేడు," అన్నారు. ఆయన క్యాంపులో ఎన్నిసార్లు మోసపోయారో నాకు తెలుసు కాబట్టి నేను ఎదురు చెప్పలేదు. వారమంతా ఆయన అన్నతో మాట్లాడలేదు. అన్న కూడా మా వాకిలి వైపు రావడం మానేసి, చెట్ల వెనక నుంచి తిరిగి వెళ్ళేవాడు.

శుక్రవారం వచ్చింది. చేపలు తెమ్మని నేను అనలేదు. పప్పుచారు కాచి, వంకాయ వేయించాను. అన్న రాలేదు. మేమిద్దరం పళ్ళాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మా ఆయన కలుపుకున్న అన్నం అలాగే ఉంచి, చేయి కడుక్కుని లేచారు. ఇంకో పళ్ళెంలో అన్నం పెట్టి, పప్పుచారు గిన్నె రెండో చేత్తో పట్టుకుని, మోటారు షెడ్డు పక్కన ఉన్న అన్న గదికి నడిచారు. చాలాసేపటికి ఇద్దరూ కలిసి వచ్చారు. పళ్ళెం ఖాళీ.

"ఏవన్నారండి?" అని తర్వాత అడిగాను.

"ఏవంటాను. ఉప్పు తక్కువైందా అని అడిగేను."

2006లో మాకు పాప పుట్టింది. నెలలు నిండేటప్పుడు పెద్దావిడ తన కారు, డ్రైవరును మా వాకిట్లోనే ఉంచింది, ఎండలో టాక్సీ కోసం నిలబడకూడదని. పురిటికి మా అమ్మ వచ్చి నలభై రోజులు ఉంది. ఒక్క అర్జీ కూడా పెట్టలేదు. భాష రాకుండానే ఆ ఇద్దరూ పందిట్లో పాపకు నలుగు పెట్టడం మీద వాదించుకునేవాళ్ళు. నూనె విషయంలో పెద్దావిడ గెలిచింది, సాంబ్రాణి విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

2007లో అన్న వీసా ముగించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. విమానాశ్రయానికి మా ఆయనే దింపి వచ్చారు. తిరిగొచ్చాక చాలాసేపు ఆయన తోటలోని మోటారును, బాగానే ఉన్నదాన్ని, విప్పి మళ్ళీ బిగించారు.

మరుసటి ఏడు నాకు అబుదాబిలో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజు పెద్దావిడకు చెప్పడానికి పొడవైన అరబిక్ వాక్యాలు కూర్చుకుని వెళ్ళాను. మీరు ఇచ్చింది మూడు గదులు కాదని, మేమిద్దరం ఆలుమగలమైంది మీ గోడ లోపలేనని చెప్పాలనుకున్నాను. తీరా ఎదుట నిలబడితే షుక్రన్ తప్ప నోటికి ఏదీ రాలేదు. ఆమె వినిపించుకున్నట్టు కూడా లేదు. పాప కాలి మేజోడు ఒకటి జారిపోతుంటే కిందకి వంగి పైకి లాగి, మడమ దగ్గర సరిచేసింది. తర్వాత రెండోది కూడా సరిచేసింది, అది సరిగ్గానే ఉన్నా.