మాటల్లేవు

వాకాడు బస్సు కనబడితే నాకు ఇప్పటికీ ఆ ఆదివారమే గుర్తొస్తుంది. పక్క సీట్లో తెల్లచీర కట్టుకున్న పెద్దామె, ఒళ్లో బైబిలు. చేపల వేటకెళ్లిన కొడుకు గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదని చెప్పింది.

“అప్పట్నించి ఆయనకీ నాకూ మాటల్లేవు.”

భర్త గురించనుకుని, “ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా అమ్మా?” అన్నాను.

ఆమె బైబిలు మీద చెయ్యి వేసింది. “ఈయన, నాయనా. మంచోడు. గాలిని ఆపగలిగినోడు. ఆ పొద్దు ఎందుకు ఆపలేదో చెప్పలా. చెప్పేదాకా నేను చర్చిలో పాట పాడను.”

“మరి చర్చికెందుకు పోతున్నారు?”

“చెప్పేనాడు నేను ఎదురుగా ఉండొద్దా?”

అప్పటికి అమ్మ పోయి ఏడాది. నేను చర్చి గడప తొక్కడం మానేశాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మరుసటి ఆదివారం వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే కూర్చుంటాను. పాట మాత్రం పాడను.