ఆఖరి తలుపు అవతల పోకల చప్పుడు

ఇది జరిగింది. నమ్మమని ఎవరి మీదా ఒట్టు వెయ్యను. నా ఒట్లకు బజార్లో అంత విలువ లేదు... ఎందుకు లేదో కాసేపట్లో మీకే తెలుస్తుంది. మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమంటారు కదా. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ గోడ మీద ఒక కన్నేసి ఉంచుతాను. ఇంతవరకు ఒక్క బల్లి కూడా నా తరఫున సాక్ష్యానికి రాలేదు.

అయినా జరిగింది.

రాష్ట్రం కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కిన రోజులు. సిద్దిపేటలో పాత బస్టాండు వెనక సందులో నాకో నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్, గాలి కంటే చప్పుడు ఎక్కువిచ్చే ఫ్యాను. సందు మొదట్లోనే రిలే దీక్ష టెంటు. బందు రోజున షట్టరు సగం దించి ఉంచేవాణ్ని. బయటికి బందు, లోపల పసందు.

నెట్ సెంటర్ నడిపేవాడికి ఉండకూడని రోగం ఒకటి నాకుంది. కొన్ని ఆటల్లో మనిషి కనబడడు చూడండి... మన కళ్ళతో మనమే నడుస్తున్నట్టు ఉంటుంది, మౌస్ కదిపితే గది మొత్తం తిరుగుతుంది. ఆ ఆటలు నాకు పడవు. గది ఒకసారి తిరిగితే నా తల పదిసార్లు తిరుగుతుంది. కాసేపటికి కడుపులోది బయటికొస్తుంది. ఇది నలుగురికీ తెలిస్తే పరువేముంటుంది? ఈత రానివాడు చెరువు గుత్తకు పట్టినట్టు. అందుకని ఏ ఆట వచ్చినా, దాన్ని ఆడినవాళ్ళు నెట్లో రాసుకున్న అభిప్రాయాలు కూర్చుని చదివేవాణ్ని. పొద్దున అవే నా అభిప్రాయాలుగా చెప్పేవాణ్ని. ఆటగాణ్ని కాదు నేను, మాటగాణ్ని.

ఆ ఏడు మా దగ్గరికి ఒక ఆట వచ్చింది. దాని ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగక బంగ్లా ఆట అని పిలిచేవాళ్ళం. పాత బంగ్లాలో మీరొక్కరే. మనిషి లేడు, తుపాకీ లేదు. గడియారాలు సరిచెయ్యాలి, చక్రాలు తిప్పాలి, చిక్కుముళ్ళు విప్పితే ఒక్కో తలుపూ తెరుచుకుంటుంది. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే శ్రీను మొదటిరోజే మొహం ముడుచుకున్నాడు. కొట్టుడు లేదు, గుద్దుడు లేదు, గిదేం ఆట, ఇల్లు కిరాయికి చూసినట్టుంది అన్నాడు. ఇంకొకడు నీళ్ళ చక్రం దగ్గర రెండు రోజులు ఇరుక్కుని ఆ బంగ్లా కట్టిన మేస్త్రీని తిట్టిపోశాడు. నేను మాత్రం గంభీరంగా, "ఒంటరితనమే దాని అందం" అన్నాను. ఎవరో విదేశీయుడు రాసుకున్న వాక్యం అది. అరువు సొమ్మైనా నా నోట్లో బాగానే అమరింది.

ఆ ఆటను నిజంగా ఇష్టపడినవాడు ఒక్కడే. యూసుఫ్ భాయ్. నా గోడకు ఆనుకునే ఆయన టైలర్ షాపు. నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు. సమ్మెతో బడులు మూతపడి యూనిఫారాల పని ఆగిపోయింది. మిషన్ మీద గుడ్డ కప్పి, తాళం వేసి, నా మూల కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు. సూదిలో దారం ఎక్కించేంత ఓపికతో ఒక్కో తలుపూ తెరుచుకుంటూ ఆఖరి తలుపు దాకా పోయాడు.

ఒక సాయంత్రం హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని నన్ను పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"తమ్మీ, గా ఆఖరి తలుపు అవతల ఎవరో పోకలు కత్తిరిస్తున్నరు. సరోతా చప్పుడు. నీకు గూడ ఇనబడ్డదా?"

నేను ఆ ఆట మొదటి గడప కూడా దాటలేదు. షాపులో శ్రీనుతో కలిపి నలుగురున్నారు, అందరూ నా వైపే చూస్తున్నారు. తెలీదు అంటే సరిపోయేది. మూడక్షరాలు. నా నోటికి అంత చిన్న మాట అలవాటు లేదు.

"ఎందుకు ఇనబడది భాయ్. అసలు కథంతా గదే గద" అన్నాను.

ఇక చూడండి. నేను విన్నాక శ్రీను వినకుండా ఉంటాడా? మొదటిసారే విన్నానన్నాడు. నీళ్ళ చక్రం దాటనివాడు కూడా విన్నానన్నాడు. వినలేదంటే ఎక్కడ చెవిటివాళ్ళ కింద జమ కడతారోనని ఒక్కొక్కరుగా అందరూ విన్నారు. వారం తిరిగేసరికి దుబ్బాక నుంచి వచ్చిన పిల్లలు కూడా పోకల ముసల్ది ఉన్న ఆట ఇదేనా అని అడుగుతున్నారు. ఆమె ముసలిదని ఎవరు తేల్చారో నాకిప్పటికీ తెలీదు.

యూసుఫ్ భాయ్ మాత్రం ముసల్ది అన్న మాట ఎప్పుడూ అనలేదు. ఆ తలుపు ముందు చిక్కుముళ్ళేమీ మిగల్లేదు. అయినా రోజూ వచ్చి, ఆఖరి గది దాకా పోయి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు.

తర్వాత ఒకరోజు ఆయన భార్య వచ్చింది. భాభీ ఎప్పుడూ నా షట్టరు కింద వంగి లోపలికి వచ్చిన మనిషి కాదు. ఆ రోజు వచ్చింది. విషయం ఇదీ. యూసుఫ్ భాయ్ వాళ్ళమ్మ దుబ్బాకలో కూతురి దగ్గర ఉండేది. ఆమె పోయిన రోజున రాస్తారోకో. దారి పొడుగునా బండ్లు ఆగిపోయాయి. ఈయన చేరేసరికి మట్టి కూడా అయిపోయింది. అమ్మీ చెయ్యి పట్టుకోలేదు, ముఖం చూడలేదు. ఆమెకు పొద్దస్తమానం పోకలు కత్తిరించే అలవాటట.

"నిజం చెప్పు భయ్యా" అంది భాభీ. "గా చప్పుడు అందరికీ ఇనొస్తదా? అందరికీ ఇనొస్తదంటే ఆటలదే, నాకేం ఫికర్ లేదు. ఈయనొక్కనికే అయితే... బస్సులు నడవంగనే దవాఖానకు తీస్కపోత. ఈయనకు నిద్ర లేదు, రాత్రిళ్ళు ఇల్లిడిసి దీక్ష టెంటుల పండుకుంటుండు. ఆయనేమో, తమ్మి గూడ ఇన్నడు, నా తలకాయ మంచిగనే ఉందంటడు."

ఆమె వెనకాల శ్రీను నిలబడి ఉన్నాడు. ఆ వంక కూడా అక్కర్లేదు. శ్రీను లేకున్నా అదే అనేవాణ్నని నాకు తెలుసు.

"ఇనబడ్తది భాభీ" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నాకు దండం పెట్టి పోయింది. ఆ దండం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ పూటే నెట్లో అడిగాను. బంగ్లా ఆట ఆడినవాళ్ళంతా కబుర్లు చెప్పుకునే చోట నాకొచ్చిన ఇంగ్లీషు అంతా పెట్టి రాశాను. ఆఖరి తలుపు అవతల చప్పుడు మీలో ఎవరైనా విన్నారా అని. జవాబులు వచ్చాయి. ఒకడు స్పీకర్లు మార్చుకోమన్నాడు. ఇంకొకడు నిద్రపొమ్మన్నాడు. మూడోవాడు మర్యాదగా రాశాడు... అది తలుపు కాదు, గోడ మీద తలుపు బొమ్మ. అవతల గదే లేదు. చప్పుడు రావడానికి అక్కడ ఏమీ తయారు చెయ్యలేదు.

అడకత్తెరలో పోకచెక్క అంటారే. అది నేనే. నిజం చెబితే భాయ్ తన తలే చెడిందనుకుంటాడు. చెప్పకపోతే భాభీ ఆయన్ని దవాఖానకు తీసుకుపోదు, నిద్ర లేని మనిషి రోజురోజుకీ ఇంకా కరిగిపోతాడు. పొద్దున చెప్పేద్దామనుకున్నాను. కానీ చెప్పే ముందు ఒక్కసారైనా నా చెవులతో నేను వినాలి కదా. వినలేదని చెప్పడానికైనా వినాలి.

ఆ రాత్రి షట్టరు మొత్తం దించేశాను. బొగ్గు గనుల వాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారు, కరెంటు లేదు. ఇన్వర్టర్ మీద మూల కంప్యూటరూ ఫ్యానూ మాత్రమే పెట్టాను. పక్కన బకెట్. చేతిలో నిమ్మకాయ. దయ్యానికి కాదు, వాంతికి.

ఆడాను. తల తిరిగింది... నిమ్మకాయ వాసన చూశాను... మళ్ళీ ఆడాను. చిక్కుముడులన్నీ నాకు కంఠస్థమే, ఎన్నిసార్లు చదివానో. బకెట్ ఒకసారి అవసరపడింది. అయినా ఆఖరి గదికి చేరాను. ఎదురుగా తలుపు. నల్లటి చెక్క, ఇత్తడి కడియం. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు నొక్కుకున్నాను.

ఏమీ లేదు.

ఊపిరి బిగబట్టాను. ఏమీ లేదు. ఆ మూడోవాడు చెప్పిందే నిజం. గోడ మీద బొమ్మ. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. ఏడుపొచ్చింది. భాయ్ కోసమని చెప్పుకున్నాను కానీ, ఎక్కువ నా కోసమే.

అప్పుడే ఇన్వర్టర్ కుయ్యిమని మూలిగి చచ్చిపోయింది. తెర ఆరిపోయింది. ఫ్యాను ఒక్కో రెక్కా... ఒక్కో రెక్కా... తిరిగి ఆగింది. సందులో టెంటు వాళ్ళ పాటలు ఎప్పుడో ఆగిపోయాయి. చీకటి. నిమ్మకాయ వాసన.

కట్.

కదల్లేదు నేను.

కట్... కట్.

బల్లి అనుకున్నాను. నిజం చెబుతున్నాను, సంతోషపడ్డాను కూడా. ఇన్నాళ్ళకు ఒక బల్లి పలికిందని.

కట్... కట్... కట్.

గట్టిగా ఉంది ఆ చప్పుడు. ఎండిన పోక విరిగినప్పుడు చివర్లో చిన్న పగులు వినబడుతుంది చూడండి... అది కూడా వినబడింది. ఎడమ వైపు గోడ నుంచి. యూసుఫ్ భాయ్ షాపు వైపు నుంచి. దగ్గరగా లేదు, దూరంగానూ లేదు. తొందర లేని చప్పుడు. పనేమీ లేని మధ్యాహ్నం గడప మీద కూర్చుని ఎవరో చేసుకుంటున్నట్టు.

తర్వాత ఆగింది.

తర్వాత... ఊదారు.

హూఁ... అని. మెల్లగా. అరచేతిలో దేన్నో ఊదినట్టు.

మళ్ళీ కట్.

షట్టరు ఎలా ఎత్తానో తెలీదు. నా సెంటర్ షట్టరు ఎత్తితే సగం సిద్దిపేట లేస్తుంది. ఆ రాత్రి ఒక్కరూ లేవలేదు. సందులోకి వచ్చి భాయ్ షాపు చూశాను. బయట తాళం వేసి ఉంది. తడిమి చూశాను, చల్లగా ఉంది. చెవి ఆనించే ధైర్యం రాలేదు. టెంటు వైపు పరుగెత్తాను. చెప్పుల్లేవు, చేతిలో నిమ్మకాయ మాత్రం ఉంది.

టెంటులో కాపలాకు రాజయ్య అని రిటైరైన పంతులు ఒక్కరే మేలుకుని ఉన్నారు. నా చేతిలో నిమ్మకాయ చూసి, దీక్ష ఇరమింపజెయ్యనీకి నిమ్మరసం తెచ్చినవా అని నవ్వారు. యూసుఫ్ భాయ్ ఎక్కడని అడిగాను. ఆయన టెంటు మూలకు చూపించారు. పొద్దుగూకినప్పటి నుంచి గాడనే పండుకుండు, లేవనే లేదన్నారు.

పోయి భుజం తట్టాను. భాయ్ నిద్రపోవడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలి? విన్నాను అని. అది ఎప్పుడో చెప్పేశాను. నిజం వచ్చేసరికి చెప్పుకోవడానికి మాట మిగల్లేదు. దాన్ని ముందే అబద్ధానికి వాడేసుకున్నాను.

"మల్ల ఇన్న భాయ్" అన్నాను.

ఆ 'మల్ల' చూశారా... అప్పుడు కూడా.

"కత్తిరించినంక ఊదుతున్నది భాయ్. చేతుల ఊదినట్టు."

ఆయన లేచి కూర్చున్నాడు. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"పొడి" అన్నాడు. "అమ్మీ పొడి ఊదేటిది." "గీ ఊదుడు ముచ్చట నేను ఎవ్వలికీ చెప్పలే. నువ్వు గూడ ఇన్ని దినాలు చెప్పలే."

"మర్శిపోయిన" అన్నాను.

ఆయన కొంచెం జరిగి, తన దుప్పటి సగం నా మీద కప్పాడు. కాసేపటికి నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. నాకు పట్టలేదు.

తెల్లవారి భాభీ టెంటులో అందరికీ చాయ్ తెచ్చింది. పడుకున్న భర్తను చూసింది, నన్ను చూసింది. అడగాలా వద్దా అని తటపటాయించి, మళ్ళీ అదే అడిగింది.

"ఇనబడ్తది భాభీ" అన్నాను.

అదే మాట. అదే గొంతు. మొదటిసారి అబద్ధం, రెండోసారి నిజం. ఆమె రెండుసార్లూ ఒకేలా తల ఊపింది. ఆమెకు తేడా తెలియలేదంటే సరే... చెబుతున్నప్పుడు నా నోటికి కూడా తెలియలేదు. ఆ రాత్రి చప్పుడు కంటే నన్ను ఇప్పటికీ ఎక్కువ భయపెట్టేది అదే.

యూసుఫ్ భాయ్ దవాఖానకు పోలేదు. మళ్ళీ ఆ మూల కంప్యూటర్ ముందు కూర్చోనూ లేదు. మనసు కుదుటపడి మానేశాడా, నా అబద్ధం పట్టుకుని మానేశాడా... నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడూ కలుస్తాం. పండక్కి సేమియా పంపుతారు. గిన్నె తిరిగిచ్చేటప్పుడు నేను ఆయన కళ్ళలోకి చూడను.

ఆ గోడ అవతల ఏముందో నాకు తెలీదు.

చూశారా, తెలీదు. ఎంత చిన్న మాటో.