నా భుజాలు వెలిగిన స్కాన్

మస్కట్ క్యాంపులో ఒక పొద్దున చొక్కా పైగుండీ పెట్టుకోబోతే మెడకు ఏదో అడ్డం తగిలింది. కుడివైపు ఈతపండంత గడ్డ. నొప్పి లేదు. గదిలోవాళ్లు అడిగితే, చిన్నప్పుడు గింజతో మింగిన ఈతపండు ఇప్పుడు మొలకెత్తుతోందని చెప్పాను. ఒకతను నమ్మాడు కూడా. కానీ సాయంత్రమైతే జ్వరం, పడుకుంటే పరుపు తడిసేంత చెమట. అప్పటికే కంపెనీ జీతాలు ఆపేసి, మనుషులను ఒక్కొక్కరిగా ఇళ్లకు పంపుతోంది. నేనూ వచ్చేశాను.

మాది మల్లాపూర్ దగ్గర ఊరు. కోరుట్ల డాక్టర్ మెడ తడిమి జగిత్యాలకు పంపాడు. జగిత్యాలలో అల్ట్రాసౌండ్ తీసి హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడ బయాప్సీ చేశారు. “హాడ్జ్‌కిన్స్ లింఫోమా. క్యాన్సరే, కాని మందుకు లొంగే రకం,” అన్నాడు డాక్టర్. నా భార్య పద్మ క్యాన్సర్ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. నేను చివరి మాట పట్టుకున్నాను.

కీమో మొదలైంది. జుట్టు పోయింది, నోరంతా పుండ్లు. రెండు విడతలయ్యాక పెట్ స్కాన్ రాశారు. “గడ్డ సల్లారితే గిదే మందు. సల్లారకుంటే ఇంకా గట్టిది పెట్టాలె. నీ ఒళ్లు తట్టుకుంటదో లేదో,” అన్నాడు డాక్టర్. అంటే నా బతుకు ఆ ఒక్క బొమ్మ మీద ఉంది.

తీపి తినొద్దని, బరువు పని వద్దని స్కాన్ సెంటర్‌వాళ్లు ఫోన్‌లో ముందే చెప్పారు. బరువు ఏదీ ఎత్తలేదు. కానీ చెట్టు ఎక్కడం బరువు పని అని కల్లు గీసే మా గౌండ్ల ఇళ్లలో ఎవరూ అనుకోరు. అది మాకు పొద్దున ముఖం కడుక్కోవడం లాంటిది. తాటిగెల కొసను పూటపూటా పలుచగా గీయాలి, లేకపోతే ఎండి కల్లు ధార ఆగిపోతుంది. నా బదులు గీయడానికి సిరిసిల్ల నుంచి వచ్చిన బామ్మర్ది సత్తయ్య, ఆటో నడిపే చేత్తో గెలలను కట్టెలు కొట్టినట్టు కొడుతున్నాడు. స్కాన్‌కు ముందురోజు చెట్టెక్కే మోకు నేనే అందుకున్నాను.

“బావా, సచ్చిపోతవ్, దిగు,” అన్నాడు సత్తయ్య.

“నువ్వు గీసేది సూస్తే ఇంకా జల్ది సస్త,” అన్నాను పైనుంచి.

ఆ రోజు ఏడు చెట్లు ఎక్కాను. మూడే అంటుంది పద్మ. కింద నిలబడి చూసింది కనుక ఆమె మాటనూ కాదనను.

మర్నాడు స్కాన్ సెంటర్ మేడం సూది వేస్తూ చెప్పింది: “గ్లూకోజ్‌కు రేడియోయాక్టివ్ ఫ్లోరిన్ అతికిస్తం. క్యాన్సర్ కణానికి తీపి ఆశ ఎక్కువ. మింగుతది, అరిగించుకోలేదు, లోపలనే చిక్కుతది. చిక్కిన కాడ బొమ్మల వెలుగుతది.” లొట్టి కుండలో తీపిని తిని కల్లు ఎట్ల పొంగుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి. నాకు వెంటనే అర్థమైంది.

బొమ్మ వచ్చాక మేడం నన్ను లోపలికి పిలిచింది. భుజాలు, చేతులు, తొడలు దీపాల్లా వెలుగుతున్నాయి.

“జిమ్‌కు పోతరా?”

“లే మేడం. తాటిచెట్టు.”

ఆమె బొమ్మను నావైపు తిప్పింది. “తీపంతా మీ కండలే తిన్నయి. మెడల గడ్డ మిగిలిందో, కండ వెలుగుతుందో నేను సెప్పలేను. మళ్ల ఇంకో రోజు తీయాలె. పొద్దుగాల తయారైన మందు రెండు గంటలల్ల సగమైతది, దాసిపెట్టేది కాదు.” ఇంటికి రాగానే పద్మ మోకు తీసి సత్తయ్య చేతిలో పెట్టింది. కీమో వారం వెనక్కి పోయింది. ఆ వారమంతా సత్తయ్య గెలలను ఎట్లా గీసినా నేను తల ఎత్తి చూడలేదు.

రెండోసారి సూది వేశాక గంటసేపు మాట్లాడొద్దంది మేడం. మాట్లాడితే గొంతు కండలు వెలుగుతాయి, గడ్డ ఉన్నదీ అక్కడే.

“చెట్టు ఎక్కకుంట వారం ఉన్నడు మేడం,” అంది పద్మ. “గీ గంట మాట్లాడకుంట ఉండడు.”

ఉన్నాను. పక్క కుర్చీలో ఉన్న పెగడపల్లి నుంచి వచ్చిన పెద్దాయన మస్కట్ ఎండల గురించి తప్పులు చెబుతున్నా దిద్దలేదు.

బొమ్మలో మెడ చల్లగా, నల్లగా ఉంది. తల మాత్రం వెలుగుతోంది. మెదడు ఎప్పుడూ తీపి తింటుందట, అందరికీ అంతేనట.

“గీయనకు సుత మెదడు వెలిగిందా మేడం?” అంది పద్మ. చాలా రోజులకు నవ్వింది.

అదే మందు నడిచింది. మధ్యలో తెల్లకణాలు పడిపోయి జ్వరంతో ఒకసారి ఆసుపత్రిలో చేర్చారు. అదీ దాటాను. ఇప్పుడు మళ్లీ నా చెట్లు నేనే గీస్తున్నాను. సత్తయ్య సిరిసిల్లకు పోయాడు, కానీ సెలవు దొరికితే వచ్చి రెండు చెట్లు ఎక్కుతాడు. ఈమధ్య పలుచగానే గీస్తున్నాడు.

పెట్ స్కాన్‌కు పోయే వాళ్లకు ఒక మాట. “బరువు పని చెయ్యలే” అని చెప్పి ఊరుకోకండి. రోజూ మీ చేతులూ కాళ్లూ చేసే పనిని పేరు పెట్టి ముందే చెప్పండి. నాట్లు వేసినా, బీడీలు చుట్టినా, చెట్టు ఎక్కినా ఎన్ని రోజులు ఆపాలో అడగండి. సూది తర్వాత గంటసేపు నోరు మూసుకోవడం మీ వల్ల కాదనిపిస్తే నన్ను తలుచుకోండి. నేనే ఉండగలిగాను.