ఎద్దు మనిషిని తొక్కదు

మా అత్తగారితో వాదించి నేను గెలిచింది లేదు. గుంటూరులో కాలేజీ చదివి, నరసరావుపేట ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే మనిషి, వేలిముద్ర వేసే ఆవిడ ముందు ఓడిపోవడమేమిటని మీరు నవ్వొచ్చు. ఆవిడతో ఒక్క పూట కాపురం చేసి, అప్పుడు నవ్వండి.

మా ఇంటి బావి నీళ్ళు ఉప్పన. వాటితో పప్పు కూడా ఉడకదు. మంచినీళ్ళ బావి పెద్ద రోడ్డు వెంట పోయి పత్తి మిల్లు దాటాక ఉంది. రోజూ పొద్దున్నే అత్తగారు నెత్తిన చుట్టకుదురు మీద ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని రోడ్డు నడిమధ్యన నడిచి వచ్చేది. అంచున నడవొచ్చు కదా అంటారేమో. ఒక అంచున మిల్లుకి వచ్చిన పత్తి బండ్లు మా ఇంటి ఎదురుదాకా బారులు తీరి ఉండేవి. రెండో అంచున తుమ్మముళ్ళు, వాటి పక్కన మురుగు. చెప్పుల్లేని కాళ్ళకి మిగిలింది నడిమి రోడ్డే. నెత్తిన బిందె ఉన్న మనిషి వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజుల్లో చూడాల్సిన అవసరమూ లేదు.

మా వైపు పిల్లకి నడక రాగానే నేర్పే మాట ఒకటుంది. బండి వస్తే పరిగెత్తొద్దు, ఉన్నచోటే నిలబడు, ఎద్దు మనిషిని తొక్కదు. పరిగెత్తితే అది బెదురుతుంది. కదలకుండా ఉంటే తనే పక్కకి తప్పుకుని పోతుంది. ఇది మూఢనమ్మకం కాదు. దారిలో కూలబడి ఏడుస్తున్న చంటిదాన్ని తప్పించుకుని, నిండు బండితో సహా ఒంగోలు ఎద్దులు పక్కనుంచి పోవడం నేను కళ్ళారా చూశాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. వెనకాల బొగ్గు మండే డ్రమ్ము, దానినిండా పొగ, ఆగకుండా దగ్గు. ఊరవతల ఉండగానే వస్తోందని తెలిసేది. మావాళ్ళు దానికీ ఎద్దు న్యాయమే వర్తింపజేశారు. హారన్ వినపడగానే ఆగి నిలబడేవాళ్ళు, డ్రైవరు తిట్టుకుంటూ తిప్పుకుని పోయేవాడు. మొత్తానికి ఎవరికీ ఏమీ కాలేదు.

యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న లారీలూ వచ్చాయి. బస్సుకి దగ్గు తగ్గి పరుగు వచ్చింది. రోడ్డు మాత్రం మూరెడు కూడా పెరగలేదు.

"అత్తా, హారన్ ఇనపడితే బిందె పారేసి అంచుకి ఉరుకు," అన్నాను.

"ఏందే, బిందె పారెయ్యాల్నా? సొట్టబోతే మీ పుట్టింటోళ్ళు పంపిస్తారా?"

"బిందె పోతే ఇంకోటి వస్తది. నువ్వు పోతే?"

"నేనేడకి పోతానే? ఊహ తెలిసిన కాడ్నించీ ఈ రోడ్డు మీదనే నడుస్తన్నా. ఒక్క గొడ్డు నన్ను తాకలా."

"అది గొడ్డు కాదత్తా. దానికి కళ్ళు లేవు."

"తోలేవోడికి ఉంటయ్ గదే!"

పోనీ నీళ్ళు నేను తెస్తానన్నాను. "నీది కాలేజీ మెడ. బిందె నిలవదు, ఊరు నవ్వుద్ది," అంది. మా ఆయనతో చెప్పుకుంటే, "మీ ఇద్దరి మజ్జన నేను రాను తల్లీ," అని సైకిలెక్కి పోయాడు.

ఒక పొద్దున బడికి తయారై అరుగు మీద నిలబడి ఉన్నాను. అత్తగారు నీళ్ళతో వస్తోంది. ఆవిడ వెనక మాచర్ల బస్సు. హారన్ మోగింది. "అత్తా, ఉరుకు!" అని గొంతు చించుకున్నాను. నా అరుపు ఆవిడకి వినపడింది, హారనూ వినపడింది. ఆవిడ ఆగింది. పాతిన రాటలా నిలబడింది. తప్పుకుంటుందనుకుని నేరుగా వచ్చిన బస్సు ఆఖరి నిమిషంలో పక్కకి తిరగబోయింది. అటు చూస్తే బండ్లు. చాలినంత తిరగలేక, ముందు చక్రం మీది రేకుతో ఆవిడ తుంటిని కొట్టింది. బిందెలు మురుగుదాకా దొర్లాయి.

డ్రైవరు దిగాడు. "పంతులమ్మగారూ, మిల్లు కాడ్నించే హారన్ కొడతన్నానండీ. మనిషన్నాక పక్కకి ఉరుకుద్ది గదా! నిలబడుద్దని నేనెట్టా అనుకుంటానండీ?"

నా నోటికి బజారంతా జడుస్తుంది. ఆ పొద్దున ఆ నోటితో బండివాళ్ళని కేకేసి అత్తగారిని ఆసుపత్రికి చేర్చాను.

ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. మంచం మీదనుంచి అత్తగారు చూడవచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేది. "నేను కదల్లా. కదిలుంటే తప్పు నాదే, ఒప్పుకుంటా. కదల్లా గదే?" అని నా వైపు తిరిగేది.

"కదల్లేదత్తా," అనేదాన్ని సాక్షిలా.

బడిలో పిల్లలకి చెప్పాను, హారన్ వినపడితే అంచుకి పరిగెత్తండని. ఒక పిల్ల లేచింది. "ఎనక బస్సు, అంచున ఎద్దుల బండి వస్తంటే టీచర్? ఉరికితే ఎద్దులు బెదురుతయ్ గదా?" ముందు కూర్చో అన్నాను. అది కూర్చుంది.

ఇప్పుడు నీళ్ళు తెచ్చేది నేనే. కాలేజీ మెడ మీద కూడా బిందె నిలుస్తుంది, అలవాటయ్యేదాకానే అవస్థ. మొన్న మిల్లు దాటి వస్తుంటే వెనక లారీ హారన్. ఏం చెయ్యాలో ఊరందరికీ చెప్పిన మనిషిని. నా కాళ్ళు ఆగిపోయాయి. ఉరకమని లోపల ఎంత అరుచుకున్నా కదల్లేదు. లారీ నా పైట కొంగుని ఎగరేసుకుంటూ పోయింది.

ఇంటికి రాగానే అత్తగారు మంచం మీదనుంచి తల ఎత్తింది. "హారన్ ఇనపడింది. ఏం చేసినావే?"

"ఉరికినా."

నా నెత్తి మీది బిందె వంక చూసింది. "ఉరికితే బిందె అంచుదాకా నీళ్ళు ఎట్టా ఉంటయ్యే?" అంది. నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను బిందె దించి, తాగడానికి ఆవిడకి గ్లాసు ముంచి ఇచ్చాను. రేపు పొద్దున మళ్ళీ నీళ్ళకి పోవాలి.