బస్సు అద్దం మీద ఆట

ఎల్లేశం వారమంతా సౌదీలోని రాస్ తనూరాలో ఏసీలు బాగుచేస్తాడు. సెలవు రోజైన శుక్రవారం మాత్రం కార్మికుల క్యాంపు బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్. ఒకప్పుడు అమెరికా కాలేజీలో కోచ్‌గా చేసిన ముసలాయన ఇంట్లో ఏసీ విప్పుతూ, గోడ మీది ఆట గీతలు చూసి చూసి ఈ విద్య నేర్చాడు. ఎడారి గాలి బస్సు అద్దం మీద పరిచే సన్నని దుమ్మే అతని పలక. వేలితో గీస్తే అందులో ఐదుగురు మనుషులు ఏరుల్లా కదిలేవారు.

పదకొండేళ్ల తర్వాత రేపు ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లిపోతున్నాడు. తను పోయాక జట్టు నిలుస్తుందా అన్నదే దిగులు. చివరి మ్యాచ్‌కు వచ్చేసరికి కొత్త డ్రైవర్ మహబూబ్ బస్సును తళతళా కడిగి నిలబడ్డాడు. "నిన్ను సాగనంపే రోజు గదా అన్నా, మెరవాలె!"

"నీ ప్రేమ సల్లగుండ! ఇగ నేను యాడ గీయాలెరా?" ఎల్లేశం వేలు గాలిలో ఆగిపోయింది.

జట్టులో పెద్దవాడు సారయ్య అతన్ని బస్సు మెట్టు మీద కూర్చోబెట్టాడు. "నువ్ సూడన్నా." ఐదుగురూ ఇసుకలో తమ తమ చోట్లకు నడిచి, బంతి లేకుండానే ఆటంతా ఆడి చూపించారు. ఒకడు తప్పాడు. ఎల్లేశం నోరు తెరిచేలోపే సారయ్య గద్దించాడు: "అరే, ఎడమకు రా!"

ఎల్లేశం తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు.