ఒక గడి జరిగిన అక్షరాలు

చెవి మిషను పెట్టుకున్నవాళ్లకు అక్షరాలు వినిపించి, ఏది ఏదిగా వినబడిందో పట్టిక వేయడం చిట్టి ఉద్యోగం. ఆ అంకెల పట్టికను కంప్యూటరు చేత రంగు గళ్ల బొమ్మగా గీయించడం ఈ మధ్యే సొంతంగా నేర్చుకుంది. అప్పటి నుంచి ఆమె కాలు నేల మీద నిలవడం లేదు.

చెవి మిషను పెట్టుకున్న మామగారి పరీక్షకూ అలాగే బొమ్మ గీసింది. సరిగా విన్నవన్నీ ఐమూలగా, ముదురు రంగులో వరస తీరాయి. పక్కన ఒక్క గడి మాత్రం ఎర్రగా మండుతోంది. బొమ్మ అంచున వేసిన అక్షరాల పేర్ల ప్రకారం ఆయన "ప"ను "మ"గా వింటున్నారు. చిట్టి మిషనును అందుకు తగ్గట్టు సరిచేసి, ఇక బెంగ లేదని ఇంట్లో చెప్పేసింది.

మర్నాడు డాబా మీద దండెం తెగింది. తడి బట్టలతో నిలబడ్డ అత్తగారు, "ఏవండీ, తాడు" అని కేకేసింది. మామగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు.

"ఇదేం చోద్యమండీ?"

"నువ్వే కదే పాడమన్నావు. అదీ ఏకవచనంలో."

అత్తగారు నవ్వలేక చతికిలబడింది. చిట్టి మాత్రం "తాడు, పాడు" అని పైకి అనుకుని చూసింది. ఆయనకు "త" కదా "ప"గా వినబడింది, మరి బొమ్మ వేరే చెప్పిందేం?

ఆఫీసుకు పరుగున వెళ్లి పట్టికనూ బొమ్మనూ పక్కపక్కన పెట్టింది. అంకెలు సరిగానే ఉన్నాయి. పేర్లే ఒక్కో గడి జరిగాయి. "క" అసలు కనబడలేదు, దాని చోట "చ" కూర్చుంది, చివరి గడికి పేరే లేదు. ఏ గడి ఎదుట గుర్తు పెట్టాలో చెప్పకుండా పేర్లు మాత్రం ఇచ్చేసరికి, బొమ్మలు గీసే ప్రోగ్రాము మొదటి పేరును బొమ్మ అంచు అవతల, కనబడని గుర్తుకు తగిలించింది. చిట్టి ముందు చోట్లు చెప్పి, తర్వాత పేర్లు ఇచ్చింది. ఎర్ర గడి ఎదుట "త", పైన "ప" వచ్చి నిలిచాయి. కుర్చీలోంచి ఎగిరి లేచింది.

"నా బొమ్మలన్నీ తప్పు, డాక్టరుగారూ" అని పరీక్షలు చూసే డాక్టరుకు లాటరీ తగిలినదానిలా చెప్పింది. ఆయన తలపట్టుకుని, అన్నీ మళ్లీ గీయమన్నారు. సాయంత్రానికి గీసేసింది, మిషను మళ్లీ సరిచేయాల్సినవాళ్లందరికీ ఫోను చేసింది, మామగారి మిషనునూ తిరిగి సరిచేసింది.

ఆ ఆదివారం మామగారు వాళ్ల అక్కయ్యకు ఫోను చేశారు. ఆవిడది సన్నని గొంతు, ఆమె మాట అందక మాట్లాడటమే మానేశారాయన. ఈసారి కాఫీ చల్లారినా ఫోను దించలేదు.