ఎడమ వెనక టైరు

మా బ్రోనెక్ బాబాయి పొద్దున లేవగానే దేవుడి పటం చూసేవాడు కాదు, రెజీనా పిన్ని మొహమూ చూసేవాడు కాదు. టైర్లు చూసేవాడు. మిగతా మగవాళ్ళకి కలం ఉండే జేబులో ఆయనకి గాలి కొలిచే పుల్ల ఉండేది. పడుకునేటప్పుడు వేసుకునే చొక్కాకి జేబు లేదని పిన్ని చేత ప్రత్యేకంగా కుట్టించుకున్నాడు. మా ఊరు స్క్రాంటన్‌లో మోకాలిలోతు మంచు పడ్డ రోజున కూడా రబ్బరు బూట్లు తొడుక్కుని వాకిట్లోకి వెళ్ళేవాడు. మంచం పట్టినవాళ్ళ పక్కన కూర్చున్నట్టు ఒక్కో టైరు పక్కన కూర్చుని, నాడి చూసి, లోపలికొచ్చి కాఫీ అందుకుంటూ ప్రకటించేవాడు.

"ముగ్గురూ బాగున్నారు. ఆ ఎడమ వెనకదే, దాని వాలకం నాకు నచ్చలేదు."

ఆ ఎడమ వెనక టైరుని ఎన్నిసార్లు మార్చారో లెక్కలేదు. కారే మారింది. అయినా ఆ మూల మీద ఆయనకి అనుమానం తీరలేదు. కొత్త కారు కొన్న రోజున షాపతను తాళాలు చేతిలో పెట్టబోతుంటే, ఈయన చెయ్యి చాపకుండా కారు వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడట.

"అన్నీ కొత్తవే సార్," అన్నాడతను.

"అదే నా భయం. కొత్తవాళ్ళ గుణం ఎలాంటిదో మనకేం తెలుసు?"

గాలి తగ్గితే ముందు అద్దం దగ్గర దీపం వెలుగుతుందని అతను నచ్చజెప్పబోయాడు. "దీపం పెట్టిందీ మీరే, టైరు పెట్టిందీ మీరే. మీలో మీకు మొహమాటం ఉండదూ?" అన్నాడు బాబాయి.

ఈ జబ్బు సొంత కారుతో ఆగలేదు. జులైలో మా చర్చి ముందు ఊళ్ళో కార్లన్నీ వరసగా నిలబెడితే ఫాదర్‌గారు పవిత్రజలం చల్లుకుంటూ వచ్చేవారు. ఆయనకి ఒక కారు ముందు బాబాయి వంగి వంగి పుల్ల గుచ్చుకుంటూ పోయేవాడు.

"బ్రోనెక్, నన్ను దీవించనిస్తావా?"

"కానివ్వండి ఫాదర్. గాలి లేని బండిలో దీవెన నిలవదని చూస్తున్నాను."

మా వీధి లియోన్ తాత పోయినప్పుడు శవాన్ని తీసుకెళ్ళే బండిని కూడా ఆపేశాడు. వెనకాల ఊరంతా నల్లబట్టల్లో నిలబడి ఉంది. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. లియోన్ తాత భార్య మాత్రం ముక్కు తుడుచుకుంటూ, "చూసుకోనివ్వండమ్మా, మా ఆయనకిప్పుడు తొందరేముంది," అంది.

బాబాయిని ఆటపట్టించడంలో అందరికంటే ముందుండేది ఆయన అత్తగారు, అంటే మా అమ్మమ్మ. మేమంతా ఆవిడని బాబ్చీ అనేవాళ్ళం. పొట్టి మనిషి, నిటారు మనిషి. ఎవరినీ ఏదీ అడగడం ఆవిడ పుట్టాక ఎరగదు. ఒకరింటికి వెళితే మంచినీళ్ళు కూడా అడిగేది కాదు. బాత్రూం అనే మాట ఆవిడ నోట నేను వినలేదు. తప్పనిసరైతే "చేతులు కడుక్కుంటాను" అనేది, అదీ ఇంటివాళ్ళు చూపిస్తేనే. ఒళ్ళో ఎప్పుడూ ఒక నల్ల చేతిసంచి. దాని మూతకి రెండు ఇత్తడి గుబ్బలు. కూర్చున్నచోట కుదురు లేకపోతే ఆ గుబ్బల్ని టక్కున విప్పి టక్కున మూసేది.

అల్లుడిని ఇన్ని మాటలనే ఆవిడ, ఊరు దాటాలంటే మాత్రం అల్లుడి కారు తప్ప ఎక్కేది కాదు. సొంత కొడుకు టాడెక్ మామయ్య పెద్ద కారేసుకొచ్చి, "అమ్మా, బఫెలోలో పెళ్ళికి పోదాం పద, ఎక్కడా ఆపకుండా ఒక్క పరుగులో దింపేస్తా," అంటే, "నాకు నడుం నొప్పిరా," అని మంచమెక్కేది. మామయ్య చాలా బాధపడేవాడు.

"ఆ టైర్ల పిచ్చోడి కారు ఎక్కితే రాని నడుం నొప్పి నా కారులోనే వస్తుందా?"

"వాడి కారులో నవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది," అనేది బాబ్చీ.

ఏటా జూన్‌లో ఆ కారులోనే మేం న్యూయార్క్ వెళ్ళి బెర్ముడా ఓడ ఎక్కేవాళ్ళం. బాబాయి, పిన్ని, బాబ్చీ, బాబ్చీ గదిలో రెండో మంచం ఖాళీగా ఉంటుంది కనుక నేను. ఎడమవైపు, బాబాయి వెనక సీటు బాబ్చీది. ఆవిడ పక్కన నేను, నా ఒళ్ళో పుస్తకం, మా ఇద్దరి మధ్య బంగాళాదుంప కూరి వెన్నలో వేయించిన పియెరోగీల డబ్బా. మామూలు మనుషులకి అది రెండున్నర గంటల దారి. మేం తెల్లవారుతుండగానే బయలుదేరేవాళ్ళం.

కొండలు దిగి డెలావేర్ నది దాటగానే మొదలయ్యేది.

"ఎడమ వెనకది లాగుతోంది," అనేవాడు బాబాయి.

"ఎటు లాగుతోంది?" అనేది పిన్ని.

"ఎడమకి. వెనక్కి."

రోడ్డు పక్కన ఎక్కడ నాలుగు గదులూ ఒక కాఫీ దుకాణమూ కనిపించినా అక్కడ కారు ఆగేది. బాబాయి దిగి పుల్ల తీసి గొంతుక్కూర్చునేవాడు. బాబ్చీ పెద్ద నిట్టూర్పు విడిచి తలుపు తీసేది.

"ఎలాగూ ఆపి చచ్చాడు కదా. ఊరికే కూర్చోవడమెందుకు, చేతులు కడుక్కొస్తాను. హాన్యా, చెయ్యి పట్టు," అనేది నాతో. దిగాక అల్లుడి వీపుకేసి ఒక మాట విసిరేది. "నా కూతురికి రైలింజను డ్రైవరు సంబంధం వచ్చింది తెలుసా? రైలుకి ఈ గాలి గొడవే లేదు."

"నిజమే అత్తయ్యా, పొరపాటైపోయింది," అనేవాడు బాబాయి టైరులోంచి తలెత్తకుండా.

ఓడరేవులో ఇంకో తతంగం. అక్కడ కార్లు నిలిపేది రేవు భవనం పైకప్పు మీద. కారు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేరకం కాదు బాబాయి. ముందు దిగి నేలంతా చూసేవాడు, మేకులున్నాయా, గాజుపెంకులున్నాయా, మధ్యాహ్నం ఎండ ఎటు పడుతుంది అని. పార్కింగ్ వాళ్ళకి ఆయన ఏడాదికోసారి వచ్చే పండగలాంటివాడు. "పెద్దాయనొచ్చాడు, నేల ఊడ్చండ్రా!" అని అరుచుకునేవాళ్ళు. కారు పెట్టాక నాలుగు టైర్లకీ చివరిసారి గాలి చూసి, ఎడమ వెనకదాన్ని కాస్త తట్టి, అప్పుడు సూట్‌కేసు ముట్టుకునేవాడు.

ఓడ కదిలేటప్పుడు అందరూ ఊరిని చూస్తుంటే ఈయన కమ్మీ పట్టుకుని ఆ పైకప్పుకేసి చెయ్యి ఊపేవాడు. పక్కవాళ్ళు మర్యాదకి అడిగేవాళ్ళు.

"సాగనంపడానికి మీవాళ్ళు వచ్చారా?"

"ఆఁ, నలుగురు," అనేవాడు.

నాకు పన్నెండో ఏడు వచ్చిన జూన్‌లో పిన్ని శాసనం చేసింది. దానికి ముందటేడు ఓడ గేటు మూస్తుంటే మేం సూట్‌కేసులు విసురుకుంటూ పరుగెత్తాం. పైగా బాబ్చీ మోకాళ్ళ ఆపరేషనుకి రోజు కుదిరింది. "ఇదే నా ఆఖరి ఓడ," అని ఆవిడ నీలం టోపీ ఒకటి కొనుక్కుంది. అందుకని పిన్ని ముందు సీట్లో కూర్చోగానే వేలు చూపించింది.

"దారిలో ఒక్కసారే ఆగుతాం. ఓడ తప్పిందా, నేనూ అమ్మా ఈదుకుంటూ పోతాం. నువ్వు టైర్లతో కాపురం చేసుకో."

"ఒక్కసారే," అని ఒప్పుకున్నాడు బాబాయి. అద్దంలో ఒకసారి వెనక్కి చూసినట్టనిపించింది.

డెలావేర్ దగ్గర ఒక్కసారి ఆగాం. ఆ తర్వాత అంతా సాఫీగా జరిగేది, ముందెక్కడో లారీ ఒకటి అడ్డం తిరగకపోయుంటే. న్యూయార్క్‌లోకి వెళ్ళే సొరంగానికి ముందు రోడ్డు మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఆ మెలికలో కార్లు ఒకదాని తోక ఒకటి ముట్టుకుని ఆగిపోయాయి. ఎదురుగా ఇంకో నదికి ఆవలి ఒడ్డున మా ఓడ తెల్లగా కనిపిస్తూనే ఉంది. గంట గడిచింది. మేం ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభానికి చేరాం.

టక్. టక్. బాబ్చీ సంచి మొదలైంది. టక్ టక్. టక్ టక్ టక్.

"అమ్మా, ఆ చప్పుడు ఆపు. నాకు పిచ్చెక్కేలా ఉంది," అంది పిన్ని ఓడ మీంచి చూపు తిప్పకుండా.

చప్పుడు ఆగింది. నేను పుస్తకంలోంచి తలెత్తి బాబ్చీని చూశాను. రెండు చేతులతో సంచిని పొట్టకి అదుముకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతోంది. నీలం టోపీ కింద నుదురంతా చెమట. ఏం కావాలో నాకు అప్పుడు అర్థమైంది. పైకి అనడానికి మాత్రం నోరు రాలేదు. నేను అంటే ఆవిడ జన్మలో నా మొహం చూడదు.

"రెజీనా," అన్నాడు బాబాయి మెల్లిగా, "ఎడమ వెనకది..."

"వద్దు! బ్రోనెక్, వద్దు! ఓడ అదిగో, కనిపిస్తోంది!"

స్టీరింగు పట్టాక జన్మలో ఎవరికీ అడ్డం రాని మనిషి హారన్లన్నీ మోగుతుంటే వరసలన్నీ అడ్డంగా కోసుకుంటూ టోల్‌గేటు పక్కనున్న చిన్న పోలీసు గది ముందు కారు ఆపాడు. ఆ వెంటనే ఒక పోలీసు చేతులు ఊపుకుంటూ వచ్చాడు.

"ఇక్కడ ఆపకూడదు! తియ్యండి, తియ్యండి!"

"టైరు పోయింది సార్. ఎడమ వెనకది."

పోలీసు బూటుతో టైరుని తన్నాడు. "ఇది పోవడమేమిటి? రాయిలా ఉంది."

"పైకి అలాగే కనిపిస్తుంది సార్. నాకు పాత పరిచయం."

"ముందు బండి తియ్యండి!" అని అతను మా వెనకాలే దూరబోతున్న ఇంకో కారు మీద కేకలెయ్యడానికి అటు తిరిగాడు. బాబాయి గొంతుక్కూర్చున్నాడు. నేను బాబ్చీకి తగలకుండా వంగి ఆవిడ వైపు కిటికీలోంచి తల బయట పెట్టి చూశాను. గాలి కొలిచే పుల్ల వెనకవైపు చిన్న బొడిపె ఉంటుంది. దానితో నొక్కితే గాలి పోతుంది. బాబాయి ఆ బొడిపెని టైరుకి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, నొక్కాడు. స్స్స్స్... ఆయన మొహంలో అంత బాధ నేను లియోన్ తాత పోయినప్పుడు కూడా చూడలేదు.

పోలీసు ఇటు తిరిగేసరికి కారు ఆ మూల కూర్చుండిపోయింది.

"అరే, ఇందాక బాగానే ఉందే!"

"చెప్పాను కదా సార్." బాబాయి లేచి చేతులు దులుపుకున్నాడు. "జాకీ మీద లేపేటప్పుడు లోపల మనుషులుండకూడదు. మా అత్తయ్య పెద్దావిడ. ఎండలో నిలబెట్టలేను."

పోలీసు తలుపు తీసి కాస్త వంగాడు. "రండమ్మా, మా గదిలో చల్లగా కూర్చోండి. లోపల చేతులూ అవీ కడుక్కోవడానికి కూడా ఉంది."

బాబ్చీ రాణిలా దిగింది. "నాకేం అవసరం లేదు నాయనా. అంత మర్యాదగా అడిగావు కాబట్టి వస్తాను." పోతూ పోతూ అల్లుడి వైపు ఏమీ అనలేదు. నాకు గుర్తున్నంతలో ఒక్క మాట కూడా విసరకుండా ఆవిడ ఆయన్ని దాటిపోవడం అదే మొదలు.

స్టెప్నీ బిగించేలోపు పిన్ని ఏడ్చింది, తిట్టింది, చివరికి తనే నట్లు అందించింది. సొరంగం దాటి రేవు చేరేసరికి సిబ్బంది గేటు దగ్గర గొలుసు పట్టుకుని నిలబడ్డారు. పైకప్పు మీద బాబాయి నేల చూడలేదు, మేకులు చూడలేదు, ఎండ చూడలేదు. కారుని రెండు గీతలకీ అడ్డంగా పడేసి, బాబ్చీ సూట్‌కేసు భుజాన వేసుకుని పరుగెత్తాడు. "పెద్దాయనా, గాలి చూసుకోవా?" అని పార్కింగ్ వాళ్ళు వెనకనుంచి నోళ్ళు తెరిచి అరిచారు. మేం ఎక్కాక గొలుసు పడింది.

ఓడ కదిలింది. బాబాయి ఆ ఏడు పైకప్పు వైపు రాలేదు. అవతలి పక్క ఒంటరిగా నిలబడ్డాడు. బాబ్చీ నా చెయ్యి పట్టుకుని అక్కడికి నడిపించింది.

"అల్లుడూ."

"చెప్పండి అత్తయ్యా."

"ఆ ఎడమ వెనకది మంచి టైరు. ఇన్నేళ్ళ నుంచి దాని మీదే కూర్చుంటున్నాను. దానిలో ఏ లోపమూ లేదు."

బాబాయి జేబులోంచి పుల్ల తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బాబ్చీ టోపీ సర్దుకుంది.

"ఆ రైలింజను డ్రైవరైతే ఆపేవాడు కాడు," అంది. "పద, అటు పోదాం. మనవాళ్ళు చూస్తుంటారు."

ముగ్గురం అటు వెళ్ళాం. బాబాయి పైకప్పుకేసి చెయ్యి ఎత్తాడు. పక్కన నిలబడ్డ ఒకాయన మర్యాదకి అడిగాడు, "సాగనంపడానికి మీవాళ్ళు వచ్చారా?"

ఈసారి బాబ్చీ జవాబు చెప్పింది. "ఆఁ, ముగ్గురు. నాలుగోది డిక్కీలో పడుకుంది. ఒంట్లో బాలేదు."

బాబ్చీ ఆఖరి ఓడ అది కాలేదు. కొత్త మోకాళ్ళతో ఇంకా చాలా జూన్‌లు వచ్చింది, దారి పొడవునా అల్లుడిని తిడుతూనే. ఆవిడ పోయిన తర్వాతి ఏడు మేం స్క్రాంటన్‌లో బయలుదేరి ఎక్కడా ఆగలేదు. రేవుకి చేరేసరికి గేటు ఇంకా తెరవలేదు.

"టైరుకేమైంది?" అంది పిన్ని.

"బాగుంది," అన్నాడు బాబాయి.

ఇప్పుడాయన డ్రైవింగ్ మానేశాడు. ఓడరేవుకి కారు నేనే నడుపుతాను, ఆయన నా వెనక సీట్లో కూర్చుంటాడు. నా టైర్లలో గాలి ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. అయినా నది దాటాక కనిపించిన చోటల్లా ఆగుతాం.